పేర్లు కోసేసిన పాట

దగ్గరికి జరగండి. ఇంకొంచెం జరగండి. తలుపు దగ్గర కూర్చుంటే చలిగాలి మీకు తగులుతుంది, నా మాట సగం దారిలోనే పడిపోతుంది. టీవీ కట్టేయండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి రండి. నేను చెప్పబోయేది కోపంతో చెబుతున్నాను. ఏళ్లు గడిస్తే చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. అందుకని ముందే చెబుతున్నాను, గొంతు పెరిగితే అది మీ మీద అనుకోవద్దు.

మేము ఈ ఇంగ్లీషు దేశానికి, మిల్టన్ కీన్స్ అనే ఊరికి వచ్చింది రెండువేల తొమ్మిదిలో. మా ఆయనకు వేర్‌హౌస్‌లో పని. నేను రెండేళ్లు ఇంట్లోనే ఉన్నాను. కారు లేనివాళ్ళకు ఆ ఊళ్లో కాళ్ళు లేనట్టే. ఎటు చూసినా రోడ్డు, రోడ్డు చివర కార్లు చుట్టి తిరిగే గుండ్రం, ఆ గుండ్రం దాటితే మళ్ళీ రోడ్డు. తర్వాత నడిచి పోయే దూరంలో ఒక ప్రైమరీ స్కూలు కిచెన్‌లో ట్రేలు కడిగే పని దొరికింది. ఐదో తరగతితో ఆగిన చదువుకు అదే ఎక్కువ అనుకున్నాను.

అక్కడ రెండు సింకులు పక్కపక్కన ఉండేవి. ఒకదాని దగ్గర నేను. రెండోదాని దగ్గర ఒక పెద్దామె. అరవై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, తలకు రంగుగుడ్డ చుట్టుకునేది. గాంబియా నుంచి వచ్చింది. గాంబియా ఎక్కడ అని అడిగితే, స్టీలు బల్ల మీద తడివేలితో ఒక వంకర గీత గీసి, ఇది నది, ఈ నదికి అటు ఇటు ఉన్నంతే మా దేశం, ఇది పడమటి ఆఫ్రికా, ఇక్కడ సముద్రం అని చూపించింది. ఆమెకూ నాకూ మధ్య ఉన్నది వచ్చీరాని ఇంగ్లీషు. దానితోనే మూడేళ్లు మాట్లాడుకున్నాం. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత వేరే మాటతో పిలిస్తే పలికేది కాదు.

మొదట్లో అక్క పెద్దగా మాట్లాడేది కాదు. ఒకరోజు ట్రేలు కడుగుతూ ఏదో అంది. పాట కాదు, మాటా కాదు, రెంటికీ మధ్య ఒక నడక. ఒక వరుస అని ఆగింది. మళ్ళీ అదే వరుస అని ఆగింది. మూడోసారి కూడా అంతే. పక్కన ఇంకెవరైనా ఉంటే మరిచిపోయిందనుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ ఆగడం ఏమిటో తెలుసు. మా నాయనమ్మ కథ చెబుతూ అచ్చం అలాగే ఆగేది, పిల్లలు వింటున్నారా నిద్రపోయారా అని. నాకు తెలియకుండానే నా నోటి నుంచి వచ్చింది, "ఊ."

అక్క చేతిలో ట్రే సింకులో పడింది.

"ఏమన్నావ్?"

"ఏమీ లేదక్కా. ఊ అన్నాను."

"ఇంకోసారి అను."

అన్నాను. ఆమె రెండో వరుస ఎత్తుకుంది. నేను మళ్ళీ ఊ అన్నాను. ఆ రోజు ట్రేలన్నీ అయిపోయేదాకా అలాగే సాగింది. కిచెన్ సూపర్‌వైజరు వచ్చి, మీ ఇద్దరికీ ఏమైంది, ఒకామె అరుస్తుంది ఒకామె మూలుగుతుంది అని నవ్వి పోయింది.

ఆ తర్వాతే అక్క నాకు అసలు సంగతి చెప్పింది. వాళ్ళది జలీల వంశం. మండింకా మనుషుల్లో జలీ అంటే పాట పుట్టుకతో వచ్చినవాళ్ళు. పెద్ద ఇళ్ళ వంశాలు, ఎవరి తాత ఎవరు, ఎవరు ఎక్కడ నిలబడి ఏ మాట అన్నారు, అంతా వాళ్ళ నోట్లో ఉంటుంది. కాగితం మీద ఉండదు. మగవాళ్ళు తీగల వాద్యం పట్టుకుంటే ఆడవాళ్ళు ఒక ఇనుప గొట్టాన్ని చిన్న కమ్మీతో కొడుతూ పాడతారు. ఎదురుగా ఒకరు కూర్చుని ప్రతి వరుసకూ "నామూ" అనాలి. అవును, విన్నాను, నిజమే అని. ఆ మాట పడకపోతే చెప్పేవాళ్ళు ముందుకు పోరు. పోకూడదు.

నేను గొల్లింటి పిల్లను. మాది నల్గొండ దిక్కు. నాకు ఇందులో కొత్త ఏముంది చెప్పండి? నా చిన్నప్పుడు మందెచ్చులవాళ్ళు రంగు బొమ్మల పెట్టె మోసుకుని మా వాడకు వచ్చేవాళ్ళు. మా గోత్రాలు మాకు చెప్పేవాళ్ళు. మా తాత పేరు మా నాయన కంటే వాళ్ళకే బాగా తెలుసు. ఒకాయన చెబుతుంటే ఇద్దరు వంత పలికేవాళ్ళు. పోయేటప్పుడు మా వాళ్ళు గొర్రెనో గింజలో ఇచ్చి పంపేవాళ్ళు. ఇదంతా వచ్చిన ఇంగ్లీషులో అక్కకు చెప్పాను. ఆమె సబ్బు చేతులతోనే నా భుజాలు పట్టుకుని, "అయితే నువ్వు జలీలను పోషించిన ఇంటి దానివి" అంది. నా బతుకులో నన్ను అంత పెద్ద మాట ఎవరూ అనలేదు.

అక్కకు నామూ అనే మనిషి ఒకప్పుడు ఉండేది. ఆమె కూతురే. ఈ దేశానికి అక్కను తీసుకొచ్చింది ఆ కూతురే. స్విండన్ అనే ఊళ్లో ఇంజనీరింగ్ కంపెనీలో పనిచేసే ఒక ఇంగ్లీషతన్ని పెళ్లి చేసుకుంది, ఒక ఆడపిల్ల పుట్టింది, పిల్లకు నాలుగేళ్లప్పుడు తల్లి జబ్బు చేసి పోయింది. ఆ కూతురు పోయిన తర్వాత అక్క పాట ఆపేసింది. అక్క నోరు తెరిచి ఎదురుచూసిన మొదటి రోజే నేను పక్క సింకు దగ్గర ఉన్నాను, అంతే.

ఆమె పాటల్లో ఒకటి వేరు. అది పెద్ద ఇళ్ళ వంశం కాదు, వాళ్ళ సొంత ఆడవాళ్ళది. ఎవరి దగ్గర ఎవరు పాట నేర్చుకున్నారు అన్న వరుస. ఇరవై ఏడు పేర్లు. ఒక్కో పేరుకు నాలుగో ఐదో మాటలు. నౌకరును కొట్టిన దొర వాకిట్లో పాడనని మూడు రోజులు కూర్చున్నామె. నది దాటుతూ పడవ మునిగితే ఇనుప గొట్టం నడుముకు కట్టుకుని ఈదినామె. మూడో కాన్పుకు గొంతు పోతే మిగిలిన బతుకంతా ఇనుము మీదే పలికించినామె. ఇరవై ఆరో పేరు అక్కది. ఇరవై ఏడోది ఆమె కూతురిది. ఆ ఇంట పుట్టి, ఆ పాట మొత్తానికి ఒక్కసారైనా నామూ అంటూ కూర్చుంటే వరుసలో పేరు చేరుతుంది. కూతురు ఎప్పుడూ పాడలేదట. నామూ అంది. అది చాలు. నేను ఎన్నిసార్లు అన్నా నా పేరు రాదు, రాకూడదు. నేను ఆ ఇంట పుట్టలేదు. దాని మీద నాకు కోపం లేదు.

మా ఇంట్లో, మా వంటింట్లో, అక్క ఆ పాట ఎన్నిసార్లు చెప్పిందో. ఇరవై ఆరు పేర్లు చెప్పి ఆగిపోయేది. ఇరవై ఏడోది ఆమె నోట్లో తిరగడం నాకు కనిపించేది. బయటికి వచ్చేది కాదు. నేను అడగలేదు. మొదటిసారి మా ఇంట్లో పాడిన రోజు బొట్టు పెట్టబోయి, ఆమె నమాజు చేసే మనిషి కదా అని ఆగి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టాను. పాడినవాళ్ళను ఉత్త చేతులతో పంపకూడదన్నది వాళ్ళకూ ఉంది, మాకూ ఉంది.

మా పక్క వీధిలో ఒక ఆంటీ ఉండేది, హైదరాబాదామె, మొగుడికి పెద్ద ఆఫీసు. ఒకనాడు వచ్చి అక్కను చూసి, ఆమె పోయినాక నన్ను పట్టుకుంది.

"ఏందమ్మా, ఆ నల్లామెను వంటింట్ల దాంక రానిస్తున్నవ్?"

"మా అక్క గదా ఆంటీ. మీరంటే హాల్ల దాంకనే. ఆమెకు వంటిల్లున్నది."

మళ్ళీ రాలేదు. ఏం పోయింది?

ఇక అసలు కోపం దగ్గరికి వస్తున్నాను. రెండువేల పద్నాలుగులో అక్క తిరిగి తన దేశం పోవడానికి నిశ్చయించుకుంది. మోకాళ్ళు పోయాయి, ఈ చలి పడటం లేదు, అక్కడ తమ్ముడి ఇల్లు ఉంది. ఆగస్టులో ప్రయాణం. ఆమెకు ఒకటే గుబులు. మనవరాలికి అప్పటికి తొమ్మిదేళ్లు. నెలకొక శనివారం పన్నెండింటికి తండ్రి తెచ్చి దింపేవాడు, నాలుగు గంటలకు వచ్చి తీసుకుపోయేవాడు. ఆ నాలుగు గంటల్లో అక్క పిల్లకు అన్నం తినిపించేది, జడలు అల్లేది. పాట మాత్రం మొదలుపెట్టలేకపోయేది. మొదలుపెడితే చివర కూతురు పేరు రావాలి. పిల్ల ముఖం చూస్తూ అది చెప్పడానికి గుండె చాలేది కాదు.

"నేను పోయాక దానికి వాళ్ళమ్మ పేరు ఎవరు చెబుతారు?" అనేది. "వాళ్ళ నాన్న చెబుతాడు, ఫొటో చూపిస్తాడు. కానీ ఒంటరి పేరు అవుతుంది. వెనక ఇరవై ఆరు మంది నిలబడి ఉన్న పేరు కాదు."

అప్పుడు వచ్చింది ప్రాజెక్టు ఆమె. లైబ్రరీ తరఫున ఏదో పని, వేరే దేశాల పెద్దవాళ్ళ పాటలూ కథలూ రికార్డు చేయడం. మెడలో కార్డు, మెత్తటి మాట. కిచెన్‌లో ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. అక్క పాట సంగతి అంతా వింది, కళ్ళు పెద్దవి చేసింది, ఎంత విలువైనదో అంది. అక్క ఒకటే అడిగింది. మొత్తం పాట నా మనవరాలికి ఇస్తావా? ఇస్తాను, తప్పకుండా, అంది ఆమె. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

అక్క ఫ్లాట్‌లోనే రికార్డింగు. అక్క పండగ బట్టలు కట్టుకుంది. ఇనుప గొట్టం తుడిచి పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ప్రాజెక్టు ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెయ్యి ఊపింది. అక్క మొదటి వరుస ఎత్తుకుంది. నేను నామూ అన్నాను. రెండో వరుస. నామూ. ప్రాజెక్టు ఆమె చెయ్యి ఎత్తింది.

"సారీ. ఆ శబ్దం మీదేనా?"

"నాదే."

"పాట మీద పడుతోంది. మీరు తల ఊపితే సరిపోదా? ఆమెకు కనిపిస్తుంది కదా."

అక్క నన్ను చూసింది. నేను ఆ క్షణంలో లేచి నిలబడి, కుదరదమ్మా, ఇది లేకుండా పాట లేదు అని ఉండాలి. నాకు తెలుసు. అక్కకంటే ముందు నాకే తెలుసు. కానీ మెడలో కార్డు ఉన్న మనిషి, చదువుకున్న మనిషి, నవ్వుతూ అడిగింది. పుట్టినప్పటినుంచి చదువుకున్నవాళ్ళు చెబితే సరే అనడం అలవాటైన నోరు ఇది. సరే అన్నాను.

రెండు గంటలు తల ఊపాను. గంగిరెద్దులా తల ఊపాను.

అక్క తడబడింది. ఏనాడూ తప్పని మనిషి తొమ్మిదో పేరు పదో చోట పెట్టింది. ప్రతి వరుసకూ ఆగి, నా నోటి వంక చూసి, నా మెడ కదలగానే ఎవరో తోసినట్టు ముందుకు పోయింది. ఇరవై ఆరో పేరు వచ్చింది. ఇక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కూతురు పేరు చెప్పింది. ఐదేళ్లలో మొదటిసారి. చెప్పి నా వంక చూసి ఆగింది. ఆ ఒక్కసారైనా నా గొంతు పలకాల్సింది. నేను తల ఊపాను.

తర్వాత జూన్‌లో లైబ్రరీలో సభ పెట్టారు. అల్లుడు పిల్లను తీసుకుని స్విండన్ నుంచి వచ్చాడు. అక్క అల్లుడంటే నాకూ అల్లుడే కదా, అలాగే పిలుస్తాను. ఆ పిల్ల మొదటి వరుసలో అక్కకూ నాకూ మధ్య కూర్చుంది. మా అమ్మాయి, అప్పుడు పద్నాలుగేళ్లది, నా వెనక కూర్చుంది. ఎవరెవరివో అయ్యాక అక్క వంతు వచ్చింది. తెర మీద సాయంకాలం ఎర్రటి ఆకాశం, దాని ముందు ఏనుగు. అక్క పిల్ల మీదుగా వంగి నా చెవిలో, "మా ఊళ్లో ఏనుగులు ఎక్కడివి?" అంది. నవ్వాం. తర్వాత డప్పుల మోత మొదలైంది. అక్క పాటలో డప్పు లేదు. డప్పుల వెనక నుంచి అక్క గొంతు వచ్చింది. మొదటి పేరు. రెండో పేరు. ఆ తర్వాత ఎక్కడిదో ఒక తునక, రాగం పైకి పోయే చోటు, అదే మళ్ళీ ఇంకోసారి. డప్పులు. చప్పట్లు. మూడు నిమిషాలు.

పిల్ల నా చెయ్యి పట్టి లాగింది. "ఆంటీ, అయిపోయిందా? మా మమ్ పేరు వచ్చేసిందా? నేను వినలేదు."

అక్క తెర వంకే చూస్తోంది. తెర మీద వేరే దేశం బొమ్మ వచ్చేసింది.

నేను లేచాను. ప్రాజెక్టు ఆమె సమోసాల బల్ల దగ్గర ఉంది.

"పేర్లేవి?" అన్నాను.

"చాలా బాగా వచ్చింది కదా?"

"పేర్లేవి అంటున్నా. ఇరవై ఏడు."

"ఓ, అవా. మామూలుగా వచ్చేవాళ్ళకు పేర్ల జాబితా అంటే కొంచెం..." అంటూ చెయ్యి తిప్పింది. "అందుకని పాట ఉన్న భాగం మాత్రం ఉంచాం."

"పేర్లే పాట. మిగతాది పాట కాదు. మీ అమ్మ పేరు తీసేసి, ఏనుగును పెడితే ఊరుకుంటావా నువ్వు?"

వెనక నుంచి మా అమ్మాయి నా చీర కొంగు లాగుతోంది. "మమ్, ప్లీజ్. అందరూ చూస్తుండ్రు."

"చూడనీ. అందుకే వచ్చిండ్రు గద, చూడనీకే."

ప్రాజెక్టు ఆమె ముఖం ఎర్రబడింది. నన్ను పక్కకు రమ్మంది. నేను రాలేదు. మొత్తం పాట పిల్లకు ఇస్తానన్నావు, అది ఇవ్వు అన్నాను. అప్పుడు చెప్పింది. కోసిన ముక్కే దాచారట. పొడుగుది ఉంచడానికి చోటు లేదట, తీసేశారట. అక్క సంతకం పెట్టిన ఫారంలో ఉందట. చోటు లేదు! ఆ లైబ్రరీలో ఎన్ని అలమారాలో మీరు చూడాలి. ఒక ముసలామె ఐదేళ్లు నోట్లో పెట్టుకుని, ఉమ్మలేక మింగలేక, చివరికి ఒక్కసారి చెప్పిన పేరుకు చోటు లేదు.

"నీకు అర్థం కాని భాష నీకు శబ్దం. నేను శబ్దం, ఆమె శబ్దం. డప్పు మాత్రం పాట." ఇది ఇంగ్లీషులోనే అన్నాను. ఎన్ని తప్పులు పోయాయో తెలియదు. అందరికీ అర్థమైంది.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచిగానే చేద్దామనుకున్నాను అంది. నిజమే అయి ఉంటుంది. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు. ఈ సంగతి విన్నవాళ్ళు, పాపం ఆమె ఉద్దేశం మంచిది అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు మళ్ళీ మొదటి నుంచీ మండుతుంది.

కారు పార్కులో అక్క నన్ను తిట్టింది. "నోరు మూసుకుని రా. తప్పు నాది. వినేవాళ్ళకు చెప్పాల్సింది యంత్రానికి చెప్పాను."

"తప్పు నీదెట్లా అవుతుంది? నామూ అననిది నేను."

అక్క కాదనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

ఇంటికి వచ్చి మా తమ్ముడికి ఫోన్ చేశాను. మందెచ్చులవాళ్ళు ఇంకా వస్తున్నారా అని అడిగాను. "ఎవలక్కా? ఆళ్ళా? నిరుడు వచ్చిండ్రు. నాకు టైం లేదు, గేటు కాడికెల్లే ఇంత ఇచ్చి పంపిన" అన్నాడు. పాడనిచ్చినవా అన్నాను. "ఎవలింటరే గదంత" అన్నాడు. వాడినీ తిట్టాను. వాడికి ఎందుకు తిట్టానో కూడా తెలియదు. ఏనుగు పెట్టినామెను తిట్టిన నోటితో వాడిని తిట్టకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

జులైలో పిల్ల రావాల్సిన ఆఖరి శనివారం వచ్చింది. అక్క ఫ్లాట్‌లో సామాన్లన్నీ కట్టేసి ఉన్నాయి, అందుకని మా ఇంటికే రమ్మన్నాను. మా వంటింట్లో బల్ల పక్కకు నెట్టి కింద చాప వేశాను. మా అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేస్తానంది. అక్క ఆ ఫోన్ తీసుకుని ఫ్రిజ్ మీద బోర్లా పెట్టేసింది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, "నేను ఆగినప్పుడల్లా నామూ అను. ఈ ఆంటీ ఎట్లా అంటే అట్లా అను" అంది.

"వై?" అంది పిల్ల.

"అనకపోతే నేను ఇక్కడే ఉండిపోతాను, ముందుకు పోలేను. విమానం తప్పిపోతుంది."

పిల్ల నవ్వింది. అక్క ఇనుము మీద కొట్టింది.

మొదట్లో పిల్ల నన్ను చూసి అనేది, సిగ్గుగా. నాలుగో పేరుకు నా కంటే ముందు అనడం మొదలుపెట్టింది. పడవ మునిగినప్పుడు, ఆమె బతికిందా అని అడిగింది. నామూ అంటే చెబుతాను అంది అక్క. గట్టిగా అంది. నేను ఇల్లు ఎగిరిపోయేట్టు అన్నాను. లైబ్రరీదాకా వినపడాలని అన్నాను. తొమ్మిదో పేరు తొమ్మిదో చోటే వచ్చింది.

పంతొమ్మిదో పేరు దగ్గర బెల్ మోగింది. నాలుగైంది. మా అమ్మాయి తలుపు తీసింది. అల్లుడు చేతిలో కారు తాళాలతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆంటీ, సారీ. ఆరింటికి వేరేచోట ఉండాలి మేము. ట్రాఫిక్ కూడా ఉంది. పోదామా?"

అక్క ఆగిపోయింది. ఇనుప గొట్టం మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను చాప మీద నుంచి లేచి అతని ఎదురుగా పోయాను.

"మూడు నిమిషాలు చాలా నీకు? వాళ్ళకు చాలింది. నీక్కూడా చాలా?"

"నేను అది అనలేదు..."

"నీ పెళ్ళాం పేరు ఇంకా రాలేదు. ఇంకో ఎనిమిది మంది తర్వాత వస్తుంది. ఆమె కోసం ఎనిమిది మంది ఆగితే నువ్వు ఆగలేవా? కూర్చో అల్లుడా. చెప్పులు విప్పి కూర్చో."

మా అమ్మాయి గోడకు అంటుకుపోయింది. అతను వంగి బూట్లు విప్పాడు. ఫ్రిజ్ పక్కన, గోడకు ఆనుకుని, పొడుగు కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక ముడుచుకుని కూర్చున్నాడు. అక్క పంతొమ్మిదో పేరు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మధ్యలో తెగితే అక్కడినుంచి అందుకోకూడదట.

ఇరవై ఆరు. అక్క తన పేరు చెప్పుకుంది. నేనూ పిల్లా నామూ అన్నాం. తర్వాత అక్క ఇనుము కొట్టడం ఆపి, ఉత్త గొంతుతో కూతురు పేరు చెప్పింది. ఈ ఇంట పాడనిది, విన్నది, చలి దేశానికి అమ్మను తెచ్చినది, అని చెప్పింది. చెప్పి ఆగింది.

అంత అరిచిన దాన్ని, ఆ ఒక్క చోట అనడానికే ఇన్నాళ్లూ కాచుకున్న దాన్ని, నోరు తెరిస్తే గాలి వచ్చింది. పిల్ల వాళ్ళమ్మ పేరు విని కళ్ళు పెద్దవి చేసి, అనడం మరిచిపోయింది. అక్క ఎదురుచూస్తోంది. ఎంతసేపైనా చూస్తుంది, అది ఆమె పద్ధతి.

ఫ్రిజ్ పక్క నుంచి వచ్చింది. "నామూ." పలకడం సరిగ్గా రాలేదు. చివర మింగేశాడు. అయినా అన్నాడు.

అందరం అటు తిరిగాం. అతను కింద చాప వంక చూస్తూ, "తను వాళ్ళమ్మతో ఫోన్‌లో ఇలాగే అనేది. గంటలు గంటలు. ఏం మాట్లాడుతున్నావు అంటే మాట్లాడటం లేదు, వింటున్నాను అనేది" అన్నాడు.

అక్క ఇనుము ఎత్తి కొట్టి, ఇరవై ఎనిమిదో పేరు చెప్పింది. అది ఆ పిల్లది. పిల్ల తన పేరుకు తనే నామూ అనవచ్చా అని అడిగింది. కూడదంది అక్క. వాళ్ళ నాన్న అన్నాడు. ఈసారి కొంచెం సరిగ్గా.

అక్క ఆగస్టులో వెళ్లిపోయింది. ఆ లైబ్రరీలో ఆ మూడు నిమిషాల ముక్క ఇంకా ఉందేమో, ఏనుగుతో సహా. ఎవరైనా విని బాగుందనుకుంటారేమో. అనుకోనీయండి. నాకు ఇంకా మండుతూనే ఉంది, ఉండనీయండి.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ దొడ్లో పాడి, మీ పొయ్యి మీద ఎసరు ఎన్నడూ తక్కువ కాకూడదు. మీ ఇంట పోయినవాళ్ళను పేరు పెట్టి తలుచుకునే నోళ్ళు మీ ఇంటనే పుట్టాలి, నిండా నూరేళ్లు బతకాలి.